కరెంటుకూ ఉందో శ్రుతి!

పాట బాగా వినిపించాలంటే మంచి ఆంప్లిఫయర్ ఒక్కటే చాలదట. దానికి వెళ్లే కరెంటును కూడా వడగట్టాలట. అందుకో పెట్టె ఉంది. పేరు పవర్ కండిషనర్. ధర వేలల్లో మొదలై లక్షల్లోకి పోతుంది. కొనాలా వద్దా? కోనసీమలోని ఓ శివారు ఊళ్లో, ఓ పెద్దాయన వరండాలో తేలిన లెక్క ఇది.

సాయంత్రం ఆరున్నర. కొబ్బరిచెట్ల నీడ పెరట్లోంచి వీధిలోకి పాకుతున్న వేళ. మా మావయ్య వాలుకుర్చీలో కూర్చుని ఆంప్లిఫయర్ మీట నొక్కుతాడు. పాటకన్నా ముందే స్పీకర్లలోంచి 'గుం...య్' అంటూ సన్నగా ఓ మోత మొదలవుతుంది. కొత్తవాళ్లెవరైనా ఉంటే ఆయనే చెప్పేస్తాడు నవ్వుతూ...

''ఆయ్, మా ఇంట్లో తంబురా గోడలోంచి వస్తుందండీ!''

బాధేమిటంటే ఆ తంబురా ఎవరి శ్రుతికీ కలవదు. బాలమురళి పాడినా అదే మోత, ఘంటసాల పాడినా అదే మోత. మావయ్య హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో వందకు పైగా గ్రామఫోను రికార్డులున్నాయి. బాలమురళీకృష్ణ పుట్టిన శంకరగుప్తం తమ సీమలోదేనన్న గర్వమూ ఉంది. పింఛను డబ్బుల్లోంచి మిగిల్చి ఆంప్లిఫయర్, స్పీకర్లు కొన్నాడు. మోత పోవాలంటే పవర్ కండిషనర్ ఒకటే దారి అని దుకాణంలో ఎవరో చెప్పారట. తీరా చూస్తే దాని ధర ఆంప్లిఫయర్‌ కన్నా ఎక్కువ!

''ఏరా, పేపర్లో పనిచేస్తావు కదా, కొనమంటావా?'' అని ఫోను. ''పాటకన్నా పెట్టెలే ఎక్కువైపోతున్నాయి ఇంట్లో'' అని వెనకనుంచి అత్తయ్య.

మావయ్య భయానికి పాత కారణం ఒకటుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపాను ఇక్కడెవరూ మర్చిపోరు. చెట్లతోపాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. చీకట్లో గడిపిన రోజుల తర్వాత ఓ సాయంత్రం ఇంట్లో బల్బు వెలిగింది. వెలగడం మామూలుగా కాదు... తెల్లగా, కళ్లు చెదిరేలా! అందరూ సంబరపడేలోపే బల్బు పేలింది. పక్కనే ఉన్న ఆయన మొదటి ఆంప్లిఫయర్‌లోంచి పొగ వచ్చింది. అప్పటినుంచీ గోడలోని ప్లగ్గును ఆయన పూర్తిగా నమ్మడు.

సరే, ఊళ్లో వైరింగు పనులు చేసే కుర్రాణ్ని తోడు తీసుకుని, చేతిలో మల్టీమీటరుతో ఓ శనివారం మావయ్య ఇంటికి చేరాను.

శివారు కరెంటు

డెల్టాలో పుట్టినవాళ్లకు 'శివారు' అన్న మాటకు అర్థం చెప్పక్కర్లేదు. కాలువ మొదట్లో ఉన్న చేలకు నీళ్లు పొంగి పొర్లుతాయి. చివరి చేలకు, అందరూ తోడుకోగా మిగిలిందే వస్తుంది. కరెంటూ అంతే. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఇంటికి ఒక వోల్టేజీ. అదే తీగ మీద చిట్టచివరన ఉన్న ఇంటికి ఇంకో వోల్టేజీ. దారిలో ఎన్ని మోటార్లు, ఎన్ని ఏసీలు తాగుతుంటే అంత తగ్గుతుంది. మావయ్యది చిట్టచివరి ఇల్లు.

సాయంత్రం ఏడింటికి మీటరు 186 వోల్టులు చూపింది. టీవీలు, పంపులు, వంటింటి మిక్సీలు అన్నీ నడిచే వేళ అది. రాత్రి పన్నెండున్నరకు లేచి మళ్లీ చూస్తే 248! అదే ప్లగ్గు, అదే రోజు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు ఇంటికిచ్చే వోల్టేజీ 6 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదన్నాయి. 230 లెక్కన చూస్తే 216 నుంచి 244 దాకా అన్నమాట. మావయ్య ఇల్లు ఒకేరోజు రెండు గట్లూ దాటేసింది.

దీనికి కారణాలు కళ్లముందే కనిపిస్తాయి. భీమవరం చుట్టుపక్కల మొదలైన రొయ్యల, చేపల చెరువులు డెల్టా అంతటా పరుచుకున్నాయి. చెరువులో ప్రాణవాయువు కోసం ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. వాటి ట్రాన్స్‌ఫార్మర్లు వేరైనా పైనుంచి వచ్చే 11 కేవీ లైను చాలాచోట్ల ఒకటే. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. బల్బు ఒక్కసారి కళ్లార్పినట్టు అయ్యేది అందుకే. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. తీగల అతుకులు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన అతుకు దగ్గర వోల్టేజీ మరికాస్త దిగుతుంది.

విచిత్రమేమిటంటే కరెంటు పుట్టేచోటు దూరమేమీ కాదు. జేగురుపాడు, వేమగిరి, విజ్జేశ్వరం... గ్యాసుతో నడిచే విద్యుత్ కేంద్రాలు గోదావరి ఒడ్డునే కట్టారు. వాటిలో కొన్ని తర్వాతి కాలంలో గ్యాసు చాలక ఆగిపోయాయనుకోండి. అయినా పుట్టిల్లు పక్కనే ఉన్నంత మాత్రాన శివారు బాధ తప్పదు. ధవళేశ్వరం దగ్గర్లో ఉన్నా శివారు చేలు ఎండినట్టే!

ఆంప్లిఫయర్‌లోనూ ఓ ఆనకట్ట

మరి 186 వోల్టులతో పాట పాడవుతుందా? ఇక్కడే చాలామంది పొరబడతారు.

గోడలోంచి వచ్చే కరెంటు నేరుగా స్పీకర్లోకి పోదు. ముందు ఆంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గిస్తుంది. తర్వాత డయోడ్లు ఒకవైపుకు మళ్లిస్తాయి. ఆపైన డబ్బాల్లాంటి పెద్ద కెపాసిటర్లు దాన్ని నిలవ చేస్తాయి. సెకనుకు వందసార్లు నిండుతూ, మధ్యలో పాటకు కావాల్సినంత వదులుతూ ఉంటాయవి. 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట గోదావరికి చేసిన పనే ఇవి కరెంటుకు చేస్తాయి. పైన వరద ఎలా వచ్చినా కింద కాలువలో నీరు నిదానంగా పారుతుంది. అంటే, సరిగ్గా తయారుచేసిన ప్రతి ఆంప్లిఫయర్‌లోనూ చిన్నపాటి పవర్ కండిషనర్ ఒకటి ముందే ఉంది. డబ్బులు దానికి ఒకసారి కట్టేశాం!

వోల్టేజీ తగ్గితే ఆనకట్టలో నీటిమట్టం తగ్గుతుంది. మావయ్య ఆంప్లిఫయర్ 230 వోల్టుల దగ్గర 60 వాట్లు ఇస్తుందనుకుంటే, 186 దగ్గర సుమారు 39 వాట్లే ఇవ్వగలదు. మూడోవంతు పోయినట్టు అనిపిస్తుంది కదా! చెవికి తెలిసేది మాత్రం రెండు డెసిబెల్స్ కన్నా తక్కువ తేడా. అదీ పూర్తి స్థాయిలో మోగిస్తేనే. వరండాలో కూర్చుని కీర్తన వినడానికి ఒకటి రెండు వాట్లు చాలు. పెళ్లిపందిట్లో మోగించినట్టు మోగిస్తే తప్ప ఆ 186కూ పాటకూ పేచీ రాదు. వోల్టేజీ ఇంకా బాగా దిగిపోతే లోపలి రెగ్యులేటర్లు చేతులెత్తేస్తాయి. అప్పుడు పాట గరగరలాడుతుంది, లేదా ఆగిపోతుంది. అది దాచినా దాగదు.

ఎక్కువ వోల్టేజీ కథ వేరు. అర్ధరాత్రి 248 దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప గుండె ఇరుకునపడి తనే 'జుమ్మ'ంటుంది. ఇది స్పీకర్లో మోత కాదు, పెట్టెలో మోత. చెవి ఆనిస్తే తేడా తెలిసిపోతుంది. వేడీ పెరుగుతుంది. మనసుకన్నా ముందు సామానుకు హాని చేసేది ఇదే.

ఇక్కడ పాత రికార్డుల ప్రియులకో సంగతి చెప్పాలి. వోల్టేజీతోపాటు కరెంటుకు ఫ్రీక్వెన్సీ కూడా ఉంటుంది. మనకు సెకనుకు 50 ఆవృతాలు... 50 హెర్ట్జ్. కరెంటు కొరత తీవ్రంగా ఉన్న 1990లలో దక్షిణాది గ్రిడ్‌లో అది 48 దగ్గరకు జారిపోయిన సందర్భాలున్నాయి. ఫ్రీక్వెన్సీని పట్టి తిరిగే మోటారున్న రికార్డు ప్లేయరైతే అప్పుడు 4 శాతం నెమ్మదిగా తిరుగుతుంది. పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య దూరం సుమారు 6 శాతం. అంటే గాయకుడి శ్రుతి అర స్వరస్థానం కన్నా కిందికి దిగిపోయిందన్నమాట! 'అప్పట్లో రికార్డుతోపాటు హార్మోనియం వాయిస్తే కలిసేది కాదురా, చెవి చెడిందనుకున్నా' అన్నాడు మావయ్య. చెవి కాదు, గ్రిడ్ చెడింది. స్టెబిలైజర్ వోల్టేజీని సరిచేస్తుంది తప్ప దీన్ని సరిచేయలేదు. 2003 నుంచి దక్షిణాదిలో కొత్త టారిఫ్ పద్ధతి వచ్చింది. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. ఇప్పుడు ఫ్రీక్వెన్సీని 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది నియమం. శ్రుతి బాధ ఆ రకంగా తీరింది.

పెట్టెలో ఏముంది?

పవర్ కండిషనర్ అన్నది ఒక వస్తువు పేరు కాదు, ఒక బోర్డు పేరు. ఆ బోర్డు కింద రకరకాల సరుకు అమ్ముతారు. కొన్నిటిలో ఉండేది పిడుగులాంటి తాకిడిని మింగే చిన్న బిళ్లలు మాత్రమే. తాకిడి తాకిడికీ అవి అరిగిపోతాయి, ఎప్పుడు చచ్చాయో బయటికి తెలియదు. కొన్నిటిలో రేడియో రొదను వడగట్టే చుట్టలు, కెపాసిటర్లు ఉంటాయి. ఎల్‌ఈడీ బల్బులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, చార్జర్లు తీగలోకి వదిలే చిరచిరలను ఇవి కొంత ఆపుతాయి. మీ ఇంట్లో ఆ చిరచిర ఎంతుందో చూడాలంటే పాత ట్రాన్సిస్టరు రేడియో చాలు. మీడియం వేవ్‌లో స్టేషను లేనిచోట ముల్లు ఆపి ప్లగ్గుల దగ్గర తిప్పండి. అన్నట్టు, రేడియోలో వినిపించిందల్లా ఆంప్లిఫయర్‌లోనూ వినిపించాలనేమీ లేదు.

మరికొన్ని పెట్టెలు నిజంగా బరువైనవి. గోడ కరెంటును పూర్తిగా డీసీగా మార్చి, మళ్లీ కొత్తగా 230 వోల్టుల ఏసీని తయారుచేస్తాయి. అమెరికాలో పీఎస్ ఆడియో లాంటి కంపెనీలు వీటిని అమ్ముతున్నాయి. మన కంప్యూటర్ల దగ్గరుండే ఆన్‌లైన్ యూపీఎస్‌ పద్ధతీ ఇదే. పనిచేస్తాయా అంటే చేస్తాయి. అవసరమా అన్నదే ప్రశ్న. జపాన్‌లోనైతే కొందరు శ్రోతలు తమ ఇంటికి మాత్రమే సొంత కరెంటు స్తంభం పాతించుకున్నారని 2016లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. మావయ్యకు ఇది చెబితే అత్తయ్య వైపు భయంభయంగా చూశాడు.

మనవాళ్లకు ఇంతకన్నా శుద్ధమైన కరెంటు ఎప్పుడో తెలుసు. తీర్థాల్లో, పందిళ్లలో మైక్‌సెట్టు వాళ్లను గుర్తుచేసుకోండి. అహుజా ఆంప్లిఫయర్, పక్కనే 12 వోల్టుల బ్యాటరీ. బ్యాటరీ మీద నడిచే ఆంప్లిఫయర్‌కు గోడతో పనే లేదు. వోల్టేజీ ఆటల్లేవు, గుంయ్‌ల్లేవు. కొబ్బరితోటలో ఊళ్ల ప్రభలన్నీ కొలువుతీరే కనుమ రోజున జగ్గన్నతోటలో అంత గోలలోనూ మైకు మాట మైకుదే.

డెల్టా ఇంటికి అసలు కావాల్సింది మాత్రం స్టెబిలైజర్. రిలే రకం చవక. వోల్టేజీని మెట్లు మెట్లుగా మారుస్తుంది. మెట్టు మారినప్పుడల్లా 'టక్'మంటుంది, ఆ చప్పుడు కొన్నిసార్లు స్పీకర్లోనూ వినిపిస్తుంది. సర్వో రకంలో చిన్న మోటారు కార్బన్ బ్రష్‌ను తీగచుట్ట మీద జరుపుతూ మెల్లగా సరిచేస్తుంది. పాటకు అదే హాయి. ఏదైనా సరే, వోల్టేజీ హద్దు దాటితే కరెంటును పూర్తిగా తెంచేసే కటాఫ్ ఉండాలి. కరెంటు పోయి వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి ఇచ్చే ఏర్పాటు ఉంటే మరీ మంచిది. 1996లో మావయ్య ఆంప్లిఫయర్‌ను కాపాడగలిగింది అదొక్కటే. ఎందుకంటే ఆరోజు జరిగింది న్యూట్రల్ తెగడం. మూడు ఫేజుల ఇళ్లన్నిటికీ తిరుగుదారి ఒకటే తీగ. అది తెగితే తక్కువ వాడకం ఉన్న ఫేజులోని ఇళ్ల మీదికి వోల్టేజీ ఎగబాకుతుంది, 400 దరిదాపులకు కూడా. పాటను శుద్ధిచేసే పెట్టె అక్కడేం చేస్తుంది, తనూ కాలిపోవడం తప్ప!

ఇంకో మాట. స్టెబిలైజర్ సైజు ఆంప్లిఫయర్‌కు సరిగ్గా సరిపోయేలా కొంటే మృదంగం దెబ్బ దగ్గర ఊపిరి పట్టేస్తుంది. కెపాసిటర్లు నిండే క్షణంలో ఒక్కసారిగా లాగుతాయి కాబట్టి లెక్కకన్నా రెట్టింపు ఉండాలి. ఇక ఇన్వర్టర్ మీద పాట వినేవాళ్లు సైన్‌వేవ్ రకమే చూసుకోవాలి. పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద ఆంప్లిఫయర్ తుమ్మెదలా జుమ్మంటుందని కోతల కాలం చూసినవాళ్లందరికీ తెలుసు.

కళ్లు మూసుకుని వింటే

దుకాణంవాళ్లను అడిగితే ఓ కండిషనర్‌ను రెండు రోజులకు ఇచ్చారు, నచ్చితేనే కొనమని. వాళ్ల మర్యాదకు మెచ్చుకోవాలి. మావయ్యను వాలుకుర్చీలో, ఆంప్లిఫయర్‌కు వీపు పెట్టి కూర్చోబెట్టాం. అత్తయ్య పక్కగదిలో. రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే ప్లగ్గు కండిషనర్‌లో, బొరుసు పడితే గోడలో. ఒకే కీర్తన, ఒకే పల్లవి. ఏది ఏదో మావయ్య చెప్పాలి. నేను కాగితం మీద రాయాలి.

మొదటి మూడూ సరిగ్గా చెప్పాడు. ముఖం వెలిగిపోయింది. తర్వాత వరసగా తప్పాడు. పదిసార్లు అయ్యేసరికి ఐదు ఒప్పులు, ఐదు తప్పులు. బిళ్లనే అడిగినా అంతే చెప్పేది. లెక్కల మాస్టారు కదా, కాగితం తీసుకుని కాసేపు చూసి ''సంభావ్యత పాఠం నాకే చెప్పావురా'' అన్నాడు. ఒక ఇంట్లో, ఒక ఆంప్లిఫయర్‌తో జరిగింది కాబట్టి లోకమంతటికీ ఇదే తీర్పని నేనను. సున్నితమైన పరికరాలున్న ఇళ్లలో తేడా ఉండొచ్చు. కొనేముందు ఇంట్లోవాళ్ల చేత ఇలా ఆడించి చూడటానికి మాత్రం పైసా ఖర్చు లేదు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. కండిషనర్ పెట్టినా, తీసినా... ఆ గుంయ్ మాత్రం కదల్లేదు!

మూడో రంధ్రం

అప్పుడు కుర్రాడు ఒక్కో తీగా పీకడం మొదలుపెట్టాడు. రికార్డు ప్లేయర్ పీకాడు, మోత ఉంది. సీడీ ప్లేయర్ పీకాడు, ఉంది. టీవీ దగ్గర్నుంచి వచ్చే తీగ పీకాడు. నిశ్శబ్దం. కేబుల్ సెట్‌టాప్ బాక్స్! వీధిలోంచి వచ్చే కేబుల్ పైతొడుగు ఎక్కడెక్కడి ఎర్తులనో మోసుకొస్తుంది. దానికీ ఇంటి ఎర్తుకూ మధ్య ఉన్న తేడా ఆంప్లిఫయర్ గుండా పారుతుంది. అదే ఆ తంబురా. సరిచేయడానికి కేబుల్ మధ్యలో బిగించే చిన్న ఐసోలేటర్ చాలు. కండిషనర్ ధరలో అది చిల్లర.

అంతటితో కథ అయిపోయేదే. కుర్రాడు ఊరుకోక మల్టీమీటరు ముల్లును ప్లగ్గు మూడో రంధ్రంలో పెట్టాడు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దగ్గర నిలబడాల్సిన అంకె తొంభైల్లో ఊగిసలాడింది. బోర్డు విప్పితే పచ్చతీగ ఉంది. పెరట్లోకి వెళ్తే పైపు ఉంది. తవ్వితే... మూరెడు లోతున తుప్పు తినేసి పైపు రెండు ముక్కలైంది. ఎన్నేళ్ల కిందటో! అన్నాళ్లూ ఫ్రిజ్జు, మోటారు, ఆంప్లిఫయర్, అత్తయ్య గ్రైండరు... అన్నీ ఎర్తు లేకుండానే నడిచాయి. పైగా ఎవరో చెప్పారని, మోత తగ్గుతుందని మావయ్య ఆంప్లిఫయర్ ప్లగ్గుకున్న పెద్దపిన్నును స్వయంగా విరిచేశాడు. లోపల ఒక్క తీగ జారి రేకుపెట్టెను తాకితే చాలు. వానాకాలం తడికాళ్లతో వచ్చి మీట నొక్కే చెయ్యి ఎవరిదైనా కావచ్చు. ఆ మధ్యాహ్నం అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు.

డెల్టా మన్ను ఎర్తింగుకు వరం. నల్లరేగడి, కొద్ది లోతులోనే తడి. రాళ్లున్న మెట్ట ఊళ్లకు ఈ భాగ్యం లేదు. కానీ ఆ తడి, ఆ ఉప్పే ఇనుమును తింటాయి. అందుకే మందమైన పైపు, బొగ్గు, ఉప్పు వేసిన కొత్త గొయ్యి, పైన అప్పుడప్పుడూ విప్పి చూసుకునే గచ్చుమూత. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. ఆంప్లిఫయర్, ప్లేయర్లు, టీవీ అన్నీ ఒకే బోర్డులోకి, ఒకే ఎర్తు మీదికి. విరిచిన పిన్ను స్థానంలో కొత్త ప్లగ్గు. వోల్టేజీకి ఓ సర్వో స్టెబిలైజర్. రెండు పూటల రాతకోతలతో వోల్టేజీ ఫిర్యాదు ఒకటి కరెంటాఫీసుకు. దానికి జవాబు వచ్చేలోగా స్టెబిలైజర్ కాపలా కాస్తుంది. ఖర్చంతా కలిపినా కండిషనర్ ధరలో సగం కాలేదు. పెట్టెను దుకాణానికి తిరిగిచ్చేటప్పుడు మావయ్యకు కాస్త మొహమాటంగానే అనిపించింది. రెండు రికార్డులు శుభ్రం చేసే బ్రష్ కొనుక్కుని బయటపడ్డాడు.

ఆదివారం సాయంత్రం. స్టెబిలైజర్ ముల్లు 230 దగ్గర చిన్నగా వణుకుతోంది. మావయ్య మీట నొక్కాడు. ఏమీ వినిపించలేదు. ఒక్క క్షణం కంగారుపడి వాల్యూము వైపు చెయ్యి చాపాడు. అంతలో సూది గాడిలో పడిన చిన్న చిటపట, ఆ వెనక అసలు తంబురా, ఆపైన గొంతు. పల్లవి అయి అనుపల్లవిలోకి వెళ్తుండగా దూరంగా సముద్రం వైపునుంచి ఉరిమింది. స్టెబిలైజర్ ఉంది, కొత్త ఎర్తు ఉంది, కటాఫూ ఉంది. అయినా అత్తయ్య లేచి వచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూడకుండా, ప్లగ్గు పీకేసింది.

''ఆయ్, మంచిపని చేశావు'' అన్నాడు మావయ్య.